చదివేవాడి పక్షాన రాయి

హన్మకొండ

తమ్ముడూ,

నీ కంపైలర్ కోసం, అంటే ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే సాఫ్ట్‌వేర్ కోసం, నువ్వు రాసి పంపిన ఎర్రర్ మెసేజ్‌లన్నీ చదివాను. భాష శుభ్రంగా ఉంది. కానీ అన్నీ కంపైలర్ తరఫునే మాట్లాడుతున్నాయి. ప్రోగ్రామ్ రాసినవాడి పక్షాన ఒక్కటీ లేదు.

కంపైలర్ తాను ఎక్కడ ఆగిపోయిందో చెబుతుంది. అసలు తప్పు చాలాసార్లు దానికంటే పైన ఎక్కడో ఉంటుంది. పైథాన్ భాషనే తీసుకో. ఒక విద్యార్థి మొదటి వరుసలో మార్కుల డిక్షనరీకి, అంటే పేర్లూ వాటి విలువలూ జతగా ఉండే జాబితాకు, కర్లీ బ్రాకెట్ { తెరిచాడు. రెండు వరుసల నిండా మార్కులు వేసి, కామా పెట్టి, బ్రాకెట్ మూయడం మరిచిపోయాడు. మూడో వరుసలో టోటల్ అని రాసి ఈక్వల్ గుర్తు పెట్టాడు. పాత పైథాన్ ఆ ఈక్వల్ కింద టోపీ గుర్తు (^) పెట్టి 'ఇన్‌వాలిడ్ సింటాక్స్', అంటే రాసిన తీరు తప్పు, అని ఊరుకునేది. మూడో వరుసలో ఏ తప్పూ లేదు. పాపం ఆ పిల్లవాడు దాన్నే చెరిపి రాస్తాడు, మళ్లీ చెరిపి రాస్తాడు, చివరికి ఇది మనకు వచ్చే పని కాదనుకుంటాడు. 2021లో వచ్చిన పైథాన్ 3.10 అయితే మొదటి వరుసకు వెళ్లి, ఈ బ్రాకెట్ మూయనే లేదని చూపిస్తుంది. తెరిచిన బ్రాకెట్ల లెక్క, ప్రోగ్రామ్‌ను చిన్న ముక్కలుగా (టోకెన్లుగా) విడగొట్టే టోకెనైజర్ దగ్గర ఉంటుంది. దాన్ని మెసేజ్ దాకా తెమ్మని ఎవరో ఒకరు పట్టుబట్టాలి. నీ ఉద్యోగం అదే.

రస్ట్ అనే భాష ఇంకో అడుగు ముందుకేసింది. ఒక పేరు నుంచి ఇంకో పేరుకు చేయి మారిన విలువను పాత పేరుతోనే మళ్లీ వాడితే, వాడిన చోటుతో పాటు అది ఎక్కడ చేయి మారిందో కూడా చూపిస్తుంది. కారణం, ఫలితం రెండూ కళ్లముందే ఉంటాయి.

ఒక తప్పుకు ఒక్క మెసేజే రావాలి. సీ భాషలో ముందుగా డిక్లేర్ చేయని పేరును ఒకే ఫంక్షన్‌లో ఎన్నిసార్లు వాడినా జీసీసీ అనే కంపైలర్ ఒక్కసారే చెబుతుంది. ఆ నిగ్రహం నాకు చాలా ఇష్టం. తెర నిండా ఎర్రర్లు పడితే కొత్తవాళ్లకు టెన్షన్ పెరుగుతుందే గానీ దారి దొరకదు.

సలహా ఇచ్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. స్పెల్లింగ్ దగ్గరగా ఉందని 'ఇదేనా మీరు రాయాలనుకున్నది' అని అడగడం తేలిక. తప్పుడు సలహా వల్ల ఉన్న తప్పుకు ఇంకోటి తోడవుతుంది. రస్ట్ కంపైలర్ రాసేవాళ్లు ప్రతి సలహాకూ ఒక గుర్తు తగిలిస్తారు: యంత్రమే నేరుగా సరిదిద్దవచ్చా, లేక పొరపాటు కూడా కావచ్చా అని. నువ్వూ అలాగే విడదీసుకో. నమ్మకం లేని చోట సలహా వద్దు, తప్పు జరిగిన చోటు చూపిస్తే చాలు.

ఇక్కడ మన నర్సంపేట, పరకాల వైపు నుంచి పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి డిప్లొమాకు వచ్చిన పిల్లలున్నారు. 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్' అంటే వాళ్లకేం తెలుస్తుంది? టోకెన్ కంపైలర్లు రాసే మనలాంటివాళ్ల లోపలి మాట. వాళ్లు టైప్ చేసిన అక్షరాలనే మెసేజ్‌లో చూపించు, పేరు వాళ్లు పెట్టినదే వాడు.

ఈ వారం ఏదైనా కాలేజీ ల్యాబ్‌లో అడిగి ఒక మధ్యాహ్నం కూర్చో. ఎవరికీ సాయం చేయకు, అదే కష్టం. ఎర్రర్ వచ్చాక వాళ్ల కళ్లు ముందు ఏ వరుస మీదకు పోతున్నాయో, ఏ మాట దగ్గర ఆగుతున్నాయో రాసుకో. ఆ తర్వాత నీ మెసేజ్‌లు తిరగరాసి పంపు. ఈసారి ప్రతి మెసేజ్‌తో పాటు దాన్ని పుట్టించిన తప్పు ప్రోగ్రామ్ కూడా జతచేయి. అది లేకుండా మెసేజ్ బాగుందో లేదో నేను చెప్పలేను.

మీ అన్న