లేత్ మీద బాల్‌పెన్ను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్లిమ్‌లైన్ అనే సన్నటి తిప్పుడు పెన్ను గురించే. లేత్ పట్టిన కొత్తలో అందరూ మొదలుపెట్టేది దీనితోనే. అడిగినవాటిలో ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబు చెబుతున్నాం.

ప్రశ్న: కిట్ తెప్పించాను. పొట్లం విప్పితే ఏ ముక్క ఎక్కడిదో అర్థం కాలేదు. పని ఏ వరసలో చేయాలి? మన దగ్గర దొరికే కర్రల్లో ఏది మంచిది? (విజయనగరం)

ముందు ముక్కలన్నీ తెల్ల కాగితం మీద పరచండి. 7 మి.మీ. ఇత్తడి గొట్టాలు రెండు ఉంటాయి, ఒక్కోటి సుమారు 53 మి.మీ. పొడవు. మొనదేలిన ముక్క పాళీ వైపుది. సగం ఇత్తడి, సగం తెల్ల లోహంగా ఉండి చేత్తో తిప్పితే తిరిగేది మెకానిజం. ఉంగరంలాంటిది నడిమి పట్టీ. ఇక మిగిలినవి క్లిప్పు, దాన్ని బిగించే పైమూత, రీఫిల్. కర్రను తొలిచి గొట్టం అంటించాలి, చివరలు సమంగా కోయాలి, లేత్ మీద తిప్పాలి, నునుపు చేసి పాలిష్ పెట్టాలి, చివరికి ముక్కలు నొక్కి బిగించాలి. వరస ఇంతే.

ఒక లెక్క మాత్రం మొదటే మనసులో పెట్టుకోండి. గొట్టం మందం 7 మి.మీ. పూర్తయిన పెన్ను చివరల దగ్గర మొత్తం మందం 8.4 మి.మీ. దాకా ఉంటుంది. అంటే గొట్టం చుట్టూ మిగిలే కర్ర 0.7 మి.మీ. మాత్రమే, ఒక పోస్టుకార్డును రెండు మూడు మడతలు పెట్టినంత. ఆ పలచటి పొరను నిలబెట్టేది అడుగునున్న జిగురే. కొత్తవాళ్ల పెన్నులు చాలావరకు ఉలి దగ్గర పాడవవు, అంతకుముందే పాడైపోయి ఉంటాయి. అందుకే కింది జవాబుల్లో తొలవడం, అంటించడం గురించే ఎక్కువ చెప్పాం.

కర్ర విషయానికొస్తే చింత చేవ, ఇరుగుడు, వేప, టేకు అన్నీ పనికొస్తాయి. మొదటి రెండు మూడు పెన్నులకు మా ఓటు అంకుడు కర్రకే. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే. తెల్లగా, సన్నటి పోగుతో, ఉలికి ఇట్టే లొంగుతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అంటించేముందు తొలిచిన రంధ్రాన్ని థిన్నర్ అద్దిన గుడ్డతో తుడవాలి. ఏ కర్రయినా బాగా ఆరి ఉండాలి. పచ్చికర్ర ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, లోపలి ఇత్తడి ముడుచుకోదు, దాంతో నెలా రెండు నెలలకు నిలువునా చీలిక వస్తుంది. ముక్కలు కోసి ఇంట్లో నీడన పెట్టి, వారానికోసారి వంటింటి కాటా మీద తూచండి. వరసగా మూడు వారాలు బరువు మారకపోతే పనికి సిద్ధమైనట్టే.

ప్రశ్న: డ్రిల్ బిట్ అవతలికి వచ్చేచోట కర్ర పెళ్ళలుగా లేచిపోతోంది. (సిద్దిపేట)

బిట్‌ను అవతలికి రానివ్వకండి, సమస్యే ఉండదు. మామూలుగా అమ్మే ముక్క 127 మి.మీ. పొడవు, 19 మి.మీ. చదరం. మధ్యకు కోస్తే ఒక్కో సగం సుమారు 62 మి.మీ. వస్తుంది. 57 మి.మీ. లోతు తొలిచి ఆపేయండి. తర్వాత అడుగు భాగాన్ని రంపంతో కోస్తే రంధ్రం శుభ్రంగా బయటపడుతుంది. పగలడానికి అక్కడ అంచే ఉండదు.

రెండు సగాలు కోయకముందే ఒక పక్కన పొడవునా పెన్సిల్ గీత గీసి, కోతకు ఇరువైపులా గుర్తు పెట్టండి. ఆ గుర్తులు ఎదురెదురుగా ఉండేలా బిగిస్తే పెన్నులో కర్ర పోగు తెగకుండా ఒకే చారలా సాగుతుంది.

తొలిచే వేగం నిమిషానికి 700 చుట్లు దాటనక్కర్లేదు. ప్రతి 10 మి.మీ.కు బిట్ బయటికి లాగి, గాడిలో కూరుకున్న పొట్టు దులపండి. పొట్టు ఇరుక్కుంటే బిట్ కాలుతుంది, వేడికి కర్ర లోపలే సన్నగా పగులుతుంది. ఆ పగులు అప్పుడు కనిపించదు, పాలిష్ పెట్టాక కనిపిస్తుంది.

ప్రశ్న: ఫెవిక్విక్ వేసి గొట్టం దూర్చాను. సగంలో బిగుసుకుపోయింది. (నెల్లూరు)

ఆ రకం జిగురు వేడి పుట్టినా, తేమ తగిలినా క్షణంలో పట్టేస్తుంది. గొట్టం సగం దూరేసరికి రెండూ తగులుతాయి. ఇరుక్కున్నది లాగితే రాదు. అదే బిట్‌తో మెల్లగా తొలిచి ఇత్తడిని తీసేయడం ఒక దారి, కర్ర ముక్క వదిలేయడం ఇంకో దారి. రెండోదే మేలు, ఎందుకంటే తొలిచే బిట్ ఇత్తడిని పట్టుకుని కర్రను చీల్చేస్తుంది.

కొత్తవాళ్లకు రెండు భాగాలు కలిపే అరాల్డైట్ రకం ఎపాక్సీ సరైనది. ముందు గొట్టాన్ని 150 నంబరు గరుకు కాగితంతో అడ్డంగా గీరాలి. మెరుపు పోయి మసకబారితేనే జిగురు పట్టు దొరుకుతుంది. గొట్టం లోపలికి జిగురు పోకుండా ఒక చివరను ఆలుగడ్డ ముక్కలో గుచ్చితే చిన్న బిరడా తయారవుతుంది. జిగురు గొట్టానికీ రాయాలి, ఒక పుల్లతో రంధ్రం లోపలి గోడకూ రాయాలి. బిరడా ఉన్న వైపు ముందుగా పెట్టి, తిప్పుతూ, ముందుకూ వెనక్కూ కదుపుతూ దూర్చండి. తిప్పడం మానకండి. జిగురు లేని ఖాళీ ఎక్కడ మిగిలితే అక్కడే ఉలి తగలగానే కర్ర ఎగిరిపోతుంది. రాత్రంతా కదల్చకుండా వదిలేసి, ఉదయం బిరడా పొడిచి తీసేయండి.

ఇక చివరలు సమం చేయడం. గొట్టంలో దూరే కడ్డీ, దాని తలకు పళ్లు ఉండే ట్రిమ్మర్‌తో కర్రను చెక్కుతూ పోండి. ఇత్తడి అంచు చుట్టూరా ఒకే ఉంగరంలా తళుక్కుమన్న క్షణంలో ఆపండి. ఒక పక్కే మెరిస్తే ఇంకా ఒకట్రెండు తిప్పులు కావాలి. ఉంగరం పూర్తయ్యాక కూడా తిప్పితే గొట్టమే పొట్టిదవుతుంది, ఆ తప్పు చివర్లో రీఫిల్ దగ్గర బయటపడుతుంది.

ప్రశ్న: మా దగ్గర ఇనుము తిప్పే లేత్ ఉంది. దాని మీద చేయొచ్చా? (విజయవాడ ఆటోనగర్)

చేయొచ్చు. తొలవడానికైతే చెక్క లేత్ కంటే అదే నయం, రంధ్రం పక్కకు పోదు. నాలుగు దవడల చక్ వాడండి, మూడు దవడలది చదరపు ముక్కను సరిగా పట్టదు. చేతి ఉలి ఆనించే రెస్ట్ ఆ లేత్‌కు ఉండదు కాబట్టి ఉలిని పట్టి ఉంచే టూల్‌పోస్టులో బాగా పదునుపెట్టిన హెచ్.ఎస్.ఎస్. (హై స్పీడ్ స్టీల్) టూల్ బిగించి, సన్నటి ఫీడ్‌తో తీయండి. బెడ్ మీద ముందు వార్తాపత్రిక పరవండి. చెక్కపొట్టు బెడ్ నూనెను పీల్చి ముద్దకడుతుంది, ఆ నూనె చెయ్యి అంకుడు మీద పడితే మరక పోదు.

ప్రశ్న: పెన్ను బిగించాక నడిమి పట్టీ దగ్గర ఒక పక్క కర్ర ఎత్తుగా, ఇంకో పక్క పల్లంగా ఉంది. లేత్ మీద ఉన్నప్పుడు గుండ్రంగానే కనిపించింది. (హనుమకొండ)

మాండ్రెల్, అంటే గొట్టాల్లోంచి దూర్చి ముక్కలను లేత్‌కు పట్టించే కడ్డీ, వంగింది. పావు అంగుళం కూడా లేని కడ్డీ మీద రెండు ముక్కలు, మూడు బుష్‌లు (కర్రను ఎంత మందానికి తిప్పాలో చూపే ఉక్కు ఉంగరాలు) ఎక్కించి చివర నట్టు బలంగా బిగిస్తే అది విల్లులా వంగుతుంది. వంపు ఎక్కువగా ఉండేది సరిగ్గా మధ్యలో, అంటే నడిమి పట్టీ వచ్చే చోటే. వంగిన కడ్డీ మీద తిప్పినంతసేపూ అంతా గుండ్రంగానే కనిపిస్తుంది, తీశాక గొట్టానికీ కర్రకూ కేంద్రం కలవదు.

నట్టు వేళ్లతో బిగిస్తే చాలు, పానా వద్దు. లేత్ రెండో చివర జరిగే భాగమైన టెయిల్‌స్టాక్‌ను, దాని లైవ్ సెంటర్ (కడ్డీ చివరను ఆనే తిరిగే మొన) కడ్డీతో పాటు తిరిగేంతవరకు ముందుకు తెచ్చి, ఆపైన ఎనిమిదో వంతు తిప్పు చాలు. లైవ్ సెంటర్ మొన 60 డిగ్రీలది అయి ఉండాలి. వేరే కోణం మొనైతే కడ్డీ చివరి గుంటలో కుదురుకోదు. కడ్డీ వంగిందో లేదో చూడాలంటే గాజు పలక మీద దొర్లించండి, కింద వెలుతురు గీత ఆడుతుంటే దాన్ని పక్కన పెట్టేయాలి. కొత్తది కొన్నాక ఒక్కోసారి ఒక్క ముక్కనే ఎక్కించి తిప్పితే ఈ తప్పు దాదాపు రాదు.

మూలలు కొట్టేటప్పుడు 1500 చుట్లు, గుండ్రం వచ్చాక 2500 దాకా పోవచ్చు. బుష్ కంటే వెంట్రుక మందం ఎత్తు ఉండగానే ఉలి ఆపి, మిగతాది గరుకు కాగితానికి వదలండి: 150, 240, 320, 400, 600. నంబరు మార్చే ముందు ప్రతిసారీ లేత్ ఆపి పొడవునా నాలుగు రుద్దులు రుద్దితే అడ్డగీతలు పోతాయి. కాగితం బుష్‌ను రాకితే ఉక్కు నుసి నల్లగా వచ్చి తెల్ల కర్ర పోగులో దిగుతుంది. అంకుడుకు ఇది పెద్ద బెడద, చివరి మిల్లీమీటరు దగ్గర కాగితం అంచుతో మాత్రమే తాకండి.

చున్నీ, పైట, పొడుగు చేతులు, కడియం, విప్పిన జుట్టు వీటిలో ఏదీ తిరిగే లేత్ దగ్గరికి రాకూడదు. ముఖానికి కవచం తప్పనిసరి. పాలిష్ కూడా గుడ్డతో కాక కాగితపు నాప్కిన్‌తో పెట్టండి. కాగితం చిక్కుకుంటే చిరుగుతుంది, గుడ్డ చిక్కుకుంటే వేలిని లాక్కుపోతుంది.

ప్రశ్న: బిగించడం అయింది. ఎంత తిప్పినా రీఫిల్ మొన లోపలికి పోవడం లేదు. (అనంతపురం)

మెకానిజం లోతుకు దిగిపోయింది. దాని ఇత్తడి భాగం మీద చుట్టూ ఒక గాడి ఉంటుంది, అక్కడిదాకా నొక్కమని కిట్ కాగితంలో రాస్తారు. గొట్టం ట్రిమ్మర్ కింద ఒక మిల్లీమీటరు పొట్టిదైతే ఆ గాడి లెక్క తప్పుతుంది. గాడిని నమ్మకండి, రీఫిల్‌ను నమ్మండి.

కింది ముక్కకు పాళీ వైపు భాగం నొక్కాక, రెండో చివర మెకానిజాన్ని గాడికి 3 మి.మీ. ముందే ఆపండి. రీఫిల్ మరతిప్పి బిగించి, మెకానిజం తిప్పి చూడండి. మొన చాలినంత రాకపోతే అర మిల్లీమీటరు నొక్కి మళ్లీ చూడండి. బయటికి 2 నుంచి 3 మి.మీ. మొన రావాలి, తిప్పితే పూర్తిగా మాయమవాలి. వైస్ దవడలకు చెక్క పలకలు పెట్టి, ముక్క నిటారుగా ఉందో లేదో రెండు వైపుల నుంచీ చూసి నొక్కండి.

ఇప్పటికే దిగిపోయినదాన్ని తీయాలంటే రీఫిల్ విప్పి, మెకానిజానికి సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క చుట్టి వైస్‌లో పట్టించి, కర్ర భాగాన్ని తిప్పుతూ మెల్లగా లాగండి. నొక్కేటప్పుడు కర్ర చిట్లిందంటే కారణం దాదాపు ఎప్పుడూ గొట్టం లోపల ఎండిన జిగురే. బిగించేముందు సన్నటి గుండ్రటి ఆకురాయితో గీకి, వెలుతురుకేసి పట్టి చూసుకోండి.

ప్రశ్న: లక్క పాలిష్ పెట్టిన పెన్ను నెలకే మచ్చలు పడి జిగటగా అయింది. ఏటికొప్పాక లక్క వేస్తే నిలుస్తుందా? (కాకినాడ)

లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చేతులకు శానిటైజర్ రాసుకుని పెన్ను పట్టుకుంటే జరిగేది అదే. చెమట చేతులకూ అది ఆగదు. రోజూ రాసే పెన్నుకు పలచటి సూపర్‌గ్లూ (ఫెవిక్విక్ రకం జిగురు) పూతే గట్టిది. కాగితపు నాప్కిన్ మడత మీద రెండు చుక్కలు వేసి, తిరిగే కర్ర మీద ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి. ఆరాక మళ్లీ. ఆరు నుంచి ఎనిమిది పూతలు చాలు. ఒకేసారి మందంగా వేస్తే తెల్లటి పొర కడుతుంది. దూది, నూలు గుడ్డ మాత్రం వాడకండి, ఆ జిగురు నూలుకు తగిలితే కాలేంత వేడి పుడుతుంది. కిటికీలు తెరిచి ఉంచండి. పూత బుష్‌కు కూడా అంటుకుంటుంది కాబట్టి తీసేముందు రెండింటి మధ్య బ్లేడుతో చుట్టూ గీత పెట్టండి, లేదంటే అంచు పెచ్చుగా ఊడుతుంది.

ఏటికొప్పాక పద్ధతి అందానికి సాటిలేనిది. రంగు లక్క కడ్డీని తిరిగే కర్రకు అదిమితే రాపిడి వేడికి లక్క కరిగి పరుచుకుంటుంది, దాన్ని మొగలి ఆకుతో అదిమి నునుపు చేస్తారు. పెన్నుకు వేయాలంటే కర్రను బుష్ కంటే 0.2 మి.మీ. తక్కువగా తిప్పండి, లక్క మందం ఆ లోటు పూడుస్తుంది. బల్ల మీద పెన్నుగా, కానుకగా ఇది ఎంతో బాగుంటుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం పెట్టకండి, మెత్తబడుతుంది.

ప్రశ్న: ఎర్రచందనం ముక్క దొరికింది, వాడొచ్చా? (కడప)

ఎక్కడ కొన్నదో చూపే పత్రాలు లేకపోతే వద్దు. చిన్న ముక్కయినా కేసు కేసే. పైగా ఈ చెట్టు సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, పత్రాలున్నా ఆ పెన్నును విదేశంలో ఉన్న పిల్లలకు పంపడం తేలిక కాదు.

ప్రశ్న: ఇదే కిట్‌కు మామూలు దుకాణం రీఫిల్ పడుతుందా? ఇదే పద్ధతిలో రాజమండ్రి ఇంకు పెన్ను చేయొచ్చా? (తణుకు)

స్లిమ్‌లైన్‌కు మెకానిజంలో మర బిగిసే క్రాస్ (పెన్నుల కంపెనీ పేరు) రకం రీఫిల్లే కావాలి. ఐదు, పది రూపాయల పెన్నుల రీఫిల్ పట్టదు. నడిమి పట్టీ పైభాగం పట్టి లాగితే పెన్ను రెండుగా వస్తుంది, పాత రీఫిల్ విప్పి కొత్తది బిగించండి.

రాజమహేంద్రవరం రత్నం పెన్నుల పని పూర్తిగా వేరు. అది ఎబొనైట్, అంటే గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు. లోపల ఇత్తడి గొట్టం ఉండదు, కిట్ ఉండదు, మూతకూ బారెల్‌కూ మరలు ఆ ఎబొనైట్‌లోనే కోస్తారు. మరలు కోసే ట్యాప్, డై సెట్లు లేకుండా అందులో దిగకండి. ఎబొనైట్ ఎలా తెగుతుందో చూడాలనుంటే ఆ కడ్డీ ముక్కనే తొలిచి, గొట్టం అంటించి, స్లిమ్‌లైన్‌గా తిప్పి చూడండి. వేగం తగ్గించండి. గంధకం వాసన ఘాటుగా వస్తోందంటే వేడెక్కుతున్నట్టు, ఉలి పదును పెట్టాల్సిన సమయం వచ్చినట్టు.