పాత గార్డెన్ ట్రాక్టర్, పదకొండేళ్ల మెకానిక్

ప్రశ్న: పాత కబ్ క్యాడెట్ గార్డెన్ ట్రాక్టర్ ఒకటి దొరికిందండీ, 1961 మోడల్. ఇంజిన్ పట్టేసింది, అస్సలు తిరగట్లేదు. మా పదకొండేళ్ల అమ్మాయేమో నేనూ చేస్తానని ఒకటే గోల. ఎక్కడ మొదలుపెట్టాలి, తనకి ఏ పని ఇవ్వాలి?

జవాబు: మంచి బండే పట్టారు! ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు కబ్ క్యాడెట్ పేరుతో తెచ్చిన తొలి మోడలే ఇది, అందులో కోలర్ 7 హార్స్‌పవర్ సింగిల్ సిలిండర్ ఇంజిన్ ఉంటుంది, నేర్పడానికి చాలా సింపుల్. ముందు స్టార్టర్‌తో బలవంతంగా తిప్పకండి. స్పార్క్ ప్లగ్ తీసి ఆ కన్నంలో పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు పట్టిన సందుల్లోకి ఇంకే పల్చటి నూనె) పోసి కొన్ని రోజులు వదిలేయండి, ఆ తర్వాత ఫ్లైవీల్‌ని (ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రం) చేత్తో మెల్లగా అటూ ఇటూ కదుపుతూ ఉంటే చాలాసార్లు వదులుతుంది, వదలకపోతే హెడ్ (సిలిండర్ పైమూత) విప్పి చూడాల్సిందే. తిరిగాక స్పార్క్ రాలేదనుకోండి, కొత్త కాయిల్ (స్పార్క్‌కి కరెంట్ ఇచ్చే భాగం) కొనడానికి పరిగెత్తకుండా పాయింట్లు (తెరుచుకుంటూ మూసుకుంటూ స్పార్క్ వచ్చేలా చేసే చిన్న స్విచ్) శుభ్రం చేయండి, సగం గొడవ అక్కడే ఉంటుంది.

పాయింట్ల గ్యాప్ 0.020 అంగుళం, ఈ పని అమ్మాయికే ఇచ్చేయండి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) ఆ గ్యాప్‌లో పెట్టి లాగుతుంటే కొంచెం పట్టినట్టుండాలి, ఆ పట్టు పిల్లల వేళ్లకి కూడా బాగానే తెలుస్తుంది. విప్పేముందు ఫొటోలు తీయడం, బోల్టులు డబ్బాల్లో వేసి పేర్లు రాయడం కూడా తనకే. పెట్రోల్, గ్రైండర్ మాత్రం మీరే చూసుకోండి. పెయింట్ ఇప్పుడే వద్దు, తను ఎంత అడిగినా ఇంజిన్ స్టార్ట్ అయ్యాకే.