దొంగతనం జరగ్గానే ఎరుకల గుడిసెల వైపే ఎందుకు చూస్తారు?

మీ ఊళ్లో గుడి హుండీ పగిలిందని, ఎవరూ చూడకపోయినా అందరూ "ఎరుకలోళ్ల పనే" అంటున్నారని, మీ ఇంట్లోవాళ్ల మాట కూడా అదేనని రాశారు. ఇది నమ్మొచ్చా అని అడిగారు. నేను ఎరుకల ఇంట్లోనే పుట్టాను. మాది దేవరకొండ వైపు.

నాకు పదేళ్లప్పుడు ఊళ్లో ఒకరింట్లో బంగారం పోయింది. ఆ మాట చెవిన పడగానే మా నాయన అల్లుతున్న గంప పక్కన పెట్టి, స్నానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కుని గడప ముందు కూర్చున్నాడు. ఎక్కడికి పోతున్నావే అంటే పలకలేదు. అమ్మ జొన్నరొట్టె పెడితే సగమే తిన్నాడు. జీపు రాగానే తనే లేచి వెళ్లి ఎక్కాడు. పిల్లల ముందు గల్లా పట్టి ఈడ్చుకుపోతారని భయపడి, ఎక్కడ దొంగతనం జరిగినా అట్లా తయారై కూర్చునేవాడట. పెద్దయ్యాక అమ్మ చెప్పింది. రెండు రోజులకు వదిలేశారు. వేళ్లు వంగక నెల దాకా ఈత బరిగె పట్టుకోలేకపోయాడు. ఆ బంగారం ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. నువ్వు కాదులే అని మా నాయనతో అన్నవాళ్లూ లేరు.

ఈ అనుమానం మీ ఊళ్లో పుట్టింది కాదు. ఒకప్పుడు మావాళ్లు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగి అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ బేరం పోయింది. ఒకచోట ఉండకుండా తిరిగేవాళ్లంటే ఇంగ్లీషు సర్కారుకు ముందే గిట్టదు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, అక్కడి ఎరుకలవాళ్లు దాని కింద పడ్డారు. నేరం చేయనక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు. పేరు రిజిస్టర్లోకి ఎక్కేది, వేలిముద్ర తీసుకునేవాళ్లు, హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. మన పాలమూరు లింగాలలో కూడా ఇట్లా ముద్రపడ్డ కులాలవాళ్లను కాపలా మధ్య ఉంచే సెటిల్‌మెంట్ ఉండేది. 1952 ఆగస్టు 31న చట్టం రద్దయింది. జీపు మాత్రం ఇంకా మా గుడిసెల ముందే ఆగుతోంది.

2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ గ్యాంగ్ దిగిందని వాట్సాప్‌లో తెగ తిరిగింది కదా. పార్థీలనే తెగవాళ్లూ మాలాగే ఆ చట్టం కింద నలిగినవాళ్లే. ఆ నెలంతా టెన్షన్‌తో మా అమ్మ చాటలు అమ్మడానికి పొరుగూరు పోలేదు. గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, పాటలు కట్టించి మరీ అది అబద్ధమని చెప్పించారు. ఖాకీ బట్టలవాళ్ల నోట ఆ మాట వినడం మాకు ఎంత ధైర్యమో మీకు చెప్పలేను.

మీ ఇంట్లో ఈసారి ఆ మాట వస్తే "ఎవరు చూసిన్రు?" అని అడగండి. ఎవరినైనా స్టేషన్‌కు తీసుకుపోతే వెంట వెళ్లండి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని గుర్తు చేయండి. అదీ చేయలేకపోతే ఆ ఇంటికి పోయి కాసేపు కూర్చోండి. ఆ రెండు రోజుల్లో మా ఇంటికి ఒక్క మనిషే వచ్చింది, చాకలోళ్ల పెద్దమ్మ. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా వచ్చి, మా అమ్మ పక్కన కూర్చుని, నాయన సగంలో వదిలిన గంపకు బరిగెలు అందించింది.