టెక్ సందేహాలు: జపాన్‌లో మన మిక్సీ తిరుగుతుందా?

ప్రశ్న: మాది అనంతపురం. వేరుశనగ తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేశాను. వచ్చే నెల రెండేళ్ల పరిశోధన కోసం జపాన్‌లోని సుకుబా వెళ్తున్నా. అమ్మ మిక్సీ, రైస్ కుక్కర్ అప్పుడే పెట్టెలో సర్దేసింది. అవి అక్కడ పనిచేస్తాయా? ఫోన్ సంగతిలో ఇక్కడే చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?

జవాబు: అమ్మగారు అలిగినా సరే, ఆ రెండూ తీసేయండి. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులు, జపాన్‌లో 100. కుక్కర్ లాంటి వస్తువుకి వోల్టేజి సగమైతే వేడి సగం కాదు, పావుకి పడిపోతుంది. అక్కడ సగం కూడా లేదు కాబట్టి, ఆ లెక్కన ఇక్కడి 700 వాట్ల కుక్కర్ అక్కడ 130 వాట్ల దగ్గర మూలుగుతూ ఉంటుంది. మా తమ్ముడి కూతురు చెబితే వినకుండా పట్టుకెళ్లింది, అరగంటకి మూత తీస్తే వేడినీళ్లలో నానబోసిన బియ్యం. అడాప్టర్ పెడితే సరిపోదా అంటారేమో, అది పిన్ను మారుస్తుందే గానీ వోల్టేజి పెంచదు. పెంచే ట్రాన్స్‌ఫార్మర్ మిక్సీకి సరిపడేది కొంటే ఇటుకంత బరువు, ఆ డబ్బుతో అక్కడే చిన్న కుక్కర్ కొనుక్కోండి. వేరుశనగ విత్తనాల పొడి మాత్రం ఇక్కడే కొట్టించి తీసుకెళ్లండి.

ల్యాప్‌టాప్, ఫోన్ ఛార్జర్లకి భయం లేదు. వాటి మీద చిన్న అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 అని ఉందేమో ఒకసారి చూసుకోండి, అక్కడి ప్లగ్గులకి రెండు చదును పిన్నులు కాబట్టి అడాప్టర్ ఒకటి చాలు. ఇంకో వింత, జపాన్ తూర్పున కరెంటు ఫ్రీక్వెన్సీ (సెకనుకి అది ఎన్నిసార్లు ఊగుతుందన్న లెక్క) 50 హెర్ట్జ్, పడమట 60. 1890ల్లో టోక్యో వాళ్లు జర్మనీ జనరేటర్లు, ఒసాకా వాళ్లు అమెరికావి కొన్నారు, ఆ తేడా ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. సుకుబా 50 వైపు. ఒసాకా నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా పాత మైక్రోవేవ్ ఇస్తామంటే వెనక స్టిక్కర్ మీద 50 హెర్ట్జ్ అని ఉందేమో చూశాకే తీసుకోండి.

అసలు తలనొప్పి కుక్కర్ కాదు, ఓటీపీ. మీ బ్యాంకు, ఆధార్ అన్నీ ఇక్కడి నంబరుకే కట్టి ఉంటాయి. బయల్దేరే ముందే ఆ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోండి, దిగగానే డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి, వ్యాలిడిటీ అయిపోకుండా రీఛార్జ్ చేసే పని నాన్నగారికి అప్పజెప్పండి. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే ఇప్పుడే కొని, బ్యాంకు యాప్, యూపీఐ ఇక్కడే రిజిస్టర్ చేసుకోండి, ఎందుకంటే ఫోన్ మారిస్తే ఆ సిమ్ నుంచే మెసేజ్ వెళ్లాలి, పరాయి దేశంలో అది ఒక పట్టాన వెళ్లదు. వాట్సాప్ పాత నంబరు మీదే ఉంచండి, నంబరు మార్చమంటారా అని అడిగితే వద్దనండి.

అక్కడి సిమ్‌కి తొందరపడొద్దు. నరితా ఎయిర్‌పోర్టులో దిగగానే రెసిడెన్స్ కార్డు ఇస్తారు, ఇల్లు కుదిరాక 14 రోజుల్లోపు సిటీ ఆఫీసుకి వెళ్తే దాని వెనక అడ్రస్ రాస్తారు, మంచి ప్లాన్ కావాలంటే మామూలుగా ఆ అడ్రస్ అడుగుతారు. అప్పటిదాకా డేటా మాత్రమే ఇచ్చే ఈసిమ్‌తో (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) నెట్టుకురండి. దానికి ఫోన్ నంబరు ఉండదు, ఫారాల్లో ఏ నంబరు రాయాలో ల్యాబ్ వాళ్లనే అడగండి.

రైళ్లకి, బస్సులకి సుయికా కార్డు. ఐఫోన్ 8 నుంచి ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు, ఇక్కడ కొన్న ఆండ్రాయిడ్‌లో మాత్రం కుదరదు, దానికి కావాల్సిన ఏర్పాటు జపాన్‌లో అమ్మే మోడళ్లకే ఉంటుంది. మీది ఆండ్రాయిడ్ అయితే ప్లాస్టిక్ కార్డు తీసుకుని స్టేషన్‌లో డబ్బులేసి వాడుకోండి. ఇంకోటి, అక్కడ చాలా వీధులకి పేర్లే ఉండవు, బ్లాకు నంబర్లే. మీ గది అడ్రస్‌ని జపనీస్ లిపిలోనే మ్యాప్స్‌లో సేవ్ చేసి స్క్రీన్‌షాట్ కూడా ఉంచుకోండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో జపనీస్ డౌన్‌లోడ్ చేసుకోకపోతే వాషింగ్ మెషీన్ బటన్ల ముందే సగం ఆదివారం గడిచిపోతుంది.

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. మా అబ్బాయి పరిశోధనకి ఒసాకా వెళ్లి మూడు వారాలైంది. రాత్రి 9కి వాట్సాప్‌లో కాల్ చేస్తే ఎత్తడు, మెసేజ్‌కి ఒక్క టిక్కే పడుతోంది. బ్లాక్ చేశాడేమోనని వాళ్లమ్మ ఒకటే టెన్షన్.

జవాబు: ఒక్క టిక్ అంటే అవతలి ఫోన్ ఆఫ్‌లో ఉండొచ్చు, నెట్ లేకపోవచ్చు. మనకి రాత్రి 9 అంటే ఒసాకాలో 12:30, ఫోన్ ఆపేసి పడుకుని ఉంటాడు. మీ ఫోన్ క్లాక్ యాప్‌లో ఒసాకా టైమ్ పెట్టుకుని, సాయంత్రం 5:30కి చేసి చూడండి, అప్పుడు అక్కడ 9 అవుతుంది.