కోటీ డెబ్బై లక్షల బండి, ఇరవై ఎకరాల చెరువులు

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. నా వయసు 46. ఇరవై ఎకరాల్లో వనామీ రొయ్యలు సాగు చేస్తున్నాను. ఎనిమిది ఎకరాలు సొంతం, మిగిలినది లీజు. ఎకరాకు పంటకు నాలుగు లక్షల వరకు పెట్టుబడి అవుతుంది, మేత అరువు మీదే తెస్తాను. గత రెండు పంటలు కలిసివచ్చి 70 లక్షలు చేతిలో ఉన్నాయి. చిన్నప్పటి నుంచి కోరిక ఉన్న వేగవంతమైన విదేశీ ఎస్‌యూవీ ఒకటి చెన్నైలో చూసి, రెండు లక్షలు కట్టి బుక్ చేశాను. ఎక్స్ షోరూం ధర 1.40 కోట్లు, అన్నీ కలిపి 1.70 కోట్లు. మిగతా కోటి రూపాయలు 9 శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదాలతో బ్యాంకు ఇస్తానంటోంది కానీ, రిటర్నులో నా ఆదాయం 18 లక్షలే కనుక నెల్లూరులోని ఇంటిని కూడా తనఖా పెట్టమంటోంది. అలాంటి బండి ఉంటే పలుకుబడి పెరుగుతుందని మా బావమరిది, వ్యాపారం పేరు మీద కొంటే పన్ను మిగులుతుందని స్నేహితుడు, ఆ డబ్బుతో పొలం కొనమని నా భార్య అంటున్నారు. అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది, డాక్టరు కావాలని ఆశ. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీ ఉత్తరంలో ముగ్గురి అభిప్రాయాలు వివరంగా ఉన్నాయి, మీ అభిప్రాయం మాత్రం "చిన్నప్పటి నుంచి కోరిక" అన్న రెండు మూడు మాటల్లో సరిపెట్టారు. నాకు ఆ మాటలే అన్నిటికంటే నమ్మదగినవిగా కనిపించాయి. కష్టపడి సంపాదించిన మనిషి తనకు ఇష్టమైన బండి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ కోరికకు పలుకుబడి అనీ, పన్ను ఆదా అనీ పేర్లు తగిలించి లెక్కలోకి తెచ్చినప్పుడు చిక్కు మొదలవుతుంది. కనుక మీది కేవలం ముచ్చట అనే అనుకుని, దాని ఖరీదు నిజంగా ఎంతో ముందు చూద్దాం.

మీరు చెప్పిన 1.40 కోట్లలో బండి అసలు ధర కోటి రూపాయలే, మిగిలిన 40 లక్షలు జీఎస్టీ. 2025 సెప్టెంబరు 21 వరకు ఇలాంటి బండ్ల మీద 28 శాతం జీఎస్టీ, 22 శాతం సెస్సు కలిసి 50 శాతం ఉండేది; ఇప్పుడు అది 40 శాతం అయింది. షోరూంవారు "పన్ను తగ్గింది, ఇదే అదను" అని చెప్పి ఉంటారు, అందులో అబద్ధం లేదు, పది లక్షలు తగ్గిన మాట వాస్తవమే. అయితే మీ కొటేషన్‌లోనే జీవిత పన్ను 25 లక్షల చిల్లర ఉంది. అంటే చక్రం ఒక్కసారి తిరగకముందే 65 లక్షలు పన్నుల కింద పోతున్నాయి. బండిని రేపే అమ్మకానికి పెట్టినా ఆ మొత్తానికి విలువ కట్టి ఇచ్చే కొనుగోలుదారు దొరకడు. పది లక్షలు మించిన వాహనాలకు అమ్మేవారు ముందుగానే వసూలు చేసే ఒక శాతం ఆదాయపు పన్ను (టీసీఎస్), మీ విషయంలో 1.40 లక్షలు, మాత్రం రిటర్నులో సర్దుబాటు అవుతుంది.

ఇక అప్పు సంగతి. కోటి రూపాయలకు 9 శాతం వడ్డీతో ఏడేళ్లకు నెలవాయిదా దాదాపు 1,60,900 రూపాయలు. ఏడాదికి 19.3 లక్షలు, అంటే మీరు రిటర్నులో చూపిస్తున్న ఆదాయం కంటే ఎక్కువ. బ్యాంకు ఇల్లు ఎందుకు అడుగుతోందో దీన్నిబట్టి అర్థమవుతుంది: ఈ అప్పును మీ ఆదాయం మోయలేదని వారి కాగితాలు వారికి చెబుతున్నాయి. ఏడేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 35 లక్షలు. మూడేళ్లు నడిపి అమ్మేద్దామనుకున్నా లెక్క ఇలా తేలుతుంది. ముందు కట్టిన 70 లక్షలు, ముప్పై ఆరు వాయిదాలు కలిపి మీ జేబులోంచి 1.28 కోట్లు వెళ్లి ఉంటాయి, ఇంకా 64.65 లక్షల అప్పు మిగిలి ఉంటుంది. బీమా సంస్థల తరుగుదల పట్టిక ప్రకారం మూడేళ్లు నిండేనాటికి బండి విలువ 30 శాతం తగ్గి 98 లక్షలు అవుతుంది. ఖరీదైన విదేశీ బండ్లకు సెకండ్‌హ్యాండ్ బజారు అంతకంటే తక్కువే పలుకుతుంది కానీ, ఆ ధరే వచ్చిందనుకుందాం. అప్పు తీర్చగా మీ చేతికి 33 లక్షలు వస్తాయి. పోయిన 95 లక్షలను ముప్పై ఆరు నెలలకు పంచితే నెలకు 2.6 లక్షలు. పెట్రోలు, సర్వీసు, డ్రైవరు జీతం, ఏటా కట్టే బీమా దీనికి అదనం.

ఆ అదనం కూడా తేలికగా తీసుకోదగ్గది కాదు. 2002లో పోర్షే కయెన్ అనే ఎస్‌యూవీ వచ్చినప్పుడు స్పోర్ట్స్ కార్లు చేసే సంస్థకు ఇలాంటి బండి ఎందుకని ముక్కు విరిచినవారున్నారు. 2017 చివర్లో లంబోర్గిని వారి ఎస్‌యూవీ ఉరుస్ 650 హార్స్‌పవర్‌తో, నిలుచున్న చోటి నుంచి నూరు కిలోమీటర్ల వేగాన్ని 3.6 సెకన్లలో అందుకునేసరికి ఆ మాటలు సద్దుమణిగాయి. మీరు బుక్ చేసినది అంతటిది కాకపోయినా ఆ కోవలోదే. రెండు టన్నులు దాటిన బరువును అంత వేగంగా ఉరికించి, మళ్లీ అంత వేగంగా ఆపాలంటే టైర్లు వెడల్పుగా, బ్రేకులు పెద్దవిగా ఉండాలి, సస్పెన్షన్ గాలితో పనిచేసేదై ఉండాలి. వారంటీ ఉన్నన్నాళ్లు ముచ్చటగొలిపే ఈ భాగాలే, వారంటీ తీరాక ఒక్కొక్కటీ లక్షల్లో బిల్లు తెస్తాయి. లీటరుకు ఏడు కిలోమీటర్లు వస్తుందనుకుని నెలకు 1,500 కిలోమీటర్లు తిరిగితే, లీటరు 110 రూపాయల లెక్కన పెట్రోలుకే 23,500 అవుతుంది. పక్క తక్కువగా ఉండే ఆ టైర్లతో చెరువుగట్ల మీదికి రోజూ వెళ్లలేరు కనుక ఇప్పుడున్న బండినీ ఉంచుకోవాల్సిందే. ట్రంకు రోడ్డు రద్దీలో 3.6 సెకన్లేమిటి, ముప్పై ఆరు సెకన్లయినా నూరు అందుకోవడం ఎవరి తరమూ కాదన్నది వేరే మాట.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టింది బండి ఖర్చు కంటే మీ ఆదాయం వచ్చే తీరు. వాయిదా ప్రతి నెలా ఒకే తేదీన వస్తుంది. చెరువులో డబ్బు మూడు నాలుగు నెలలకొకసారి, పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక వస్తుంది, అది కూడా వస్తే. తెల్లమచ్చ తెగులు తగిలితే ఎదుగుదల పూర్తికాకముందే పట్టేయాల్సి వస్తుందనీ, కౌంటు (కిలోకు తూగే రొయ్యల సంఖ్య) ఎక్కువై ధర సగానికి పడిపోతుందనీ మీకు నేను చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని ముందు 25 శాతం, మూడు వారాల్లోపే మరో 25 శాతం పెంచినప్పుడు చెరువు దగ్గర ధర ఎలా ఊగిసలాడిందో మీరు కళ్లారా చూసినవారు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి. ఆ నెలలో చెరువులు మునిగిన రైతుకు బ్యాంకు వాయిదా వాయిదా పడలేదు. ఏడేళ్ల వాయిదా అంటే పద్నాలుగు పంటలు. వాటిలో ఒక్కటీ తప్పదని మీరు హామీ ఇవ్వగలిగితే నాకు అభ్యంతరం లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న 70 లక్షలను మరో వైపు నుంచి చూడండి. ఇరవై ఎకరాలకు ఎకరాకు నాలుగు లక్షల చొప్పున ఒక పంట పెట్టుబడి 80 లక్షలు. మీరు మిగులు అనుకుంటున్న డబ్బు ఒక్క పంట పెట్టుబడికే ఇంకా పది లక్షలు తక్కువ. వనామీ సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. అరువు మేతకు కట్టే ధరకూ, నగదు ఇచ్చి తెచ్చుకునే ధరకూ ఉన్న తేడా బిల్లులో వడ్డీ అని కనిపించదు గానీ, అది వడ్డీయే. దుకాణంవారికి బాకీ ఉన్నంతకాలం పట్టుబడి రోజున సరుకు ఎవరికి ఇవ్వాలన్నది కూడా పూర్తిగా మీ చేతిలో ఉండదు. మీ మేత వ్యాపారి దగ్గర రెండు ధరలూ అడిగి కాగితం మీద రాసి, బస్తాల సంఖ్యతో గుణించి చూడండి. ఈ డబ్బు మొదట వెళ్లాల్సిన చోటు అదేనని నా అభిప్రాయం; దానివల్ల ఏటా మిగిలేది బ్యాంకు డిపాజిట్ వడ్డీ కంటే ఎక్కువ ఉండే అవకాశమే కనిపిస్తోంది.

మీ స్నేహితుడు చెప్పిన పన్ను ఆదా గురించి. వ్యాపారానికి వాడే కారు మీద ఏటా 15 శాతం తరుగుదలను ఖర్చుగా చూపించుకోవచ్చు, అప్పు మీద వడ్డీని కూడా చూపించుకోవచ్చు. సొంత వాడకం మేరకు అందులోంచి తగ్గించాలి. కట్టిన 40 లక్షల జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు) మాత్రం ఇలాంటి కార్లకు రాదు. ఇంతకీ 18 లక్షల వ్యాపార ఆదాయం మీద కొత్త విధానంలో మీకు పడే పన్ను సెస్సుతో కలిపి 1.66 లక్షలు. ఆ మొత్తాన్నీ సున్నా చేయగలిగినా ఏడాదికి మిగిలేది ఒక్క నెలవాయిదా సొమ్ము. మీరు లెక్కల పుస్తకాలు లేకుండా టర్నోవరులో ఇంత శాతం అని ఆదాయం చూపించే పద్ధతిలో రిటర్ను వేస్తున్నట్టయితే తరుగుదలను విడిగా కోరే వీలే లేదు.

ఇందులోనే మీరు అడగని ప్రశ్న ఒకటి దాగి ఉంది. రెండు పంటల్లో 70 లక్షలు మిగిలాయంటున్నారు, రిటర్నులో ఏడాదికి 18 లక్షలంటున్నారు. పాత పొదుపులు కలిసి ఉండవచ్చు, నేను అనుమానించడం లేదు. కానీ రొయ్యల సాగు ఆదాయాన్ని పొలం పంట ఆదాయంలాగా పన్ను లేనిదిగా లెక్కించడం కుదరదు, అది వ్యాపార ఆదాయమే. షోరూంవారు వసూలు చేసే టీసీఎస్ మీ పాన్ నంబరు మీద జమ అయి, ఆదాయపు పన్ను శాఖవారి వార్షిక సమాచార నివేదికలో 1.40 కోట్ల కొనుగోలుగా కనిపిస్తుంది. డబ్బు ఎక్కడిదని అడిగితే చూపించడానికి కాగితాలు ఉన్నాయో లేదో కారు తాళాలు తీసుకోకముందే మీ ఆడిటరుగారితో కూర్చుని తేల్చుకోండి.

పలుకుబడి గురించి మీ బావమరిదిగారితో వాదించను. పెళ్లిళ్లలోనూ పంచాయతీలలోనూ అది పనిచేస్తుందేమో. రొయ్యలు కొనేవారు చెరువు దగ్గర చూసేది కౌంటునూ సరుకు నాణ్యతనూ, గట్టు మీద నిలిపిన బండిని చూసి కిలోకు అయిదు రూపాయలు ఎక్కువ ఇచ్చినవారిని నేను చూడలేదు. లీజు రేటు మాట్లాడేటప్పుడు భూమి యజమాని ఆ బండిని చూస్తే మాత్రం మీకే నష్టం.

మీ శ్రీమతిగారు చెప్పిన పొలం బండి కంటే మేలే, కాదనను. అయినా మీ ఆస్తి ఇప్పటికే చెరువుల్లోనూ ఇంట్లోనూ ఉంది. అమ్మాయికి ప్రభుత్వ కళాశాలలో సీటు రాకపోతే కొన్ని నెలల్లోనే పెద్ద మొత్తం కావాల్సి వస్తుంది, అప్పటికప్పుడు పొలం అమ్మితే వచ్చినకాడికే అమ్మాలి. కనుక 70 లక్షల్లో 25 లక్షలు అమ్మాయి పేరు చెప్పి, సీటు సంగతి తేలేవరకు తేలికగా తీసుకోగల డిపాజిట్లలో ఉంచండి. మిగిలిన 45 లక్షలతో రాబోయే పంటకు మేతను నగదుకు కొనండి. ఆ తర్వాతి పంటల మిగులులోంచి ఒక వంతు తీసి బండి కోసం వేరే ఖాతాలో వేస్తూ పోండి. ఒక పంట పెట్టుబడి మొత్తం అరువు లేకుండా మీ చేతిలో ఉండి, అది పోను ఆ ఖాతాలో ఉన్న డబ్బుతో అప్పు లేకుండా ఏ బండి వస్తే ఆ బండి మీది. ఎంత ధైర్యంగా సంపాదిస్తున్నా ఇంటి కాగితాలు మాత్రం కారు కోసం బ్యాంకుకు ఇవ్వకండి. చెరువు ఎండితే మళ్లీ నీళ్లు పెట్టుకోవచ్చు, వేలానికి వచ్చిన ఇంటి సంగతి అలా కాదు.

ఆ రోజు వచ్చినప్పుడు కొత్తదే కావాలన్న పట్టుదల లేకపోతే, ఇదే బండి మూడేళ్ల వయసుది వెతకండి. పన్నుల భారమూ మొదటి మూడేళ్ల తరుగుదలా మొదటి యజమాని భరించి ఉంటాడు. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ జీవిత పన్ను కట్టాల్సి ఉంటుంది, అది కలుపుకుని బేరమాడండి. సర్వీసు చరిత్ర పూర్తిగా ఉన్నదే తీసుకోండి. మన తీరప్రాంతంలో వరద నీళ్లు మామూలే కనుక బీమాలో ఇంజిన్ రక్షణ కవరు తప్పకుండా కలపండి. సాధారణ పాలసీలో నీళ్లు చేరి ఇంజిన్ పాడైతే సంస్థలు చెల్లించడానికి నిరాకరిస్తాయి. నీటిలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేసినట్టు తేలితే మరింత ఇబ్బంది.

బుకింగుకు కట్టిన రెండు లక్షల గురించి ఆలస్యం చేయకండి. రసీదు వెనుక ఉన్న షరతులు చదివి, మీ పేరున ఇన్‌వాయిస్ తయారు కాకముందే రద్దు కోరుతూ ఈమెయిలు పంపండి, ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. కొంత కోత పడినా, ఒక నెలవాయిదా కంటే పెద్దగా ఎక్కువ పోదు.