శాలువాతో పాటు కవరిస్తే ఏం చేయాలి?

ప్రశ్న: బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. వచ్చి ఎనిమిది నెలలైంది. మిమిక్రీ చేస్తాను, వ్యాఖ్యానం కూడా చెబుతాను. ఇప్పటికి తెలుగువారి కార్యక్రమాలు అయిదు చేశాను. ఎవరూ ఒక్క పౌండు ఇవ్వలేదు. అడిగితే "నీకు పేరు వస్తుంది కదా" అంటున్నారు. డబ్బు తీసుకోకుండా చేస్తూనే కళాకారుడిగా నన్ను నేను ప్రచారం చేసుకోవడం ఎలా? విజిటింగ్ కార్డులు అచ్చు వేయిద్దామని అనుకుంటున్నాను. పరీక్షల వారంలో మాంచెస్టరు నుంచి కూడా పిలుపు వచ్చింది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ కార్డుల సంగతి ఆపు. ఇప్పటికే అచ్చుకు ఇచ్చి ఉంటే పెట్టె విప్పకుండా మంచం కింద పెట్టు. నీ ప్రచారం గురించి మాట్లాడే ముందు నీ వీసా గురించి మాట్లాడుకోవాలి. నీకు కార్యక్రమాలు ఇచ్చిన అయిదుగురిలో ఒక్కరూ ఈ మాట నీ చెవిన వేయకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. బాధ కలిగించింది.

బ్రిటన్‌లో స్టూడెంట్ వీసా మీద చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. వాటిలో రెండు నేరుగా నీకే తగులుతాయి. ఒకటి స్వయం ఉపాధి, రెండోది ఎంటర్‌టైనర్‌గా పనిచేయడం. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు పని చేసుకోవచ్చు కదా, ఇదీ అందులోనే సర్దుకుంటుందని మన పిల్లలు చాలామంది అనుకుంటారు. సర్దుకోదు. ఆ 20 గంటల్లో గోదాములో పెట్టెలు మోయవచ్చు, సూపర్‌మార్కెట్‌లో బిల్లులు వేయవచ్చు, కానీ డబ్బు పుచ్చుకుని వేదికెక్కి నవ్వించకూడదు. విడ్డూరంగానే ఉంటుంది, అయినా నిబంధన అది. "బుకింగుల కోసం సంప్రదించండి" అని కార్డు మీద అచ్చు వేయిస్తే సొంత వ్యాపారం నడుపుతున్నానని నీ చేతులతో నువ్వే రాసిచ్చినట్టు. యూట్యూబ్ ఛానెల్ పెట్టి ప్రకటనల డబ్బు తీసుకున్నా అదే చిక్కు.

"నేను డబ్బే తీసుకోవడం లేదు కదా" అంటావు. అక్కడా ఒక మెలిక ఉంది. వీసాలు చూసే హోమ్ ఆఫీసు వారు వాలంటీరింగ్ వేరు, వాలంటరీ వర్క్ వేరు అంటారు. మన భాషలో రెండూ స్వచ్ఛంద సేవే. వాళ్ళ లెక్కలో మాత్రం, ఒప్పందమంటూ లేకుండా, జీతం ఇచ్చి పెట్టుకోవలసిన మనిషి స్థానంలో కూర్చోకుండా, సాధారణంగా ఒక చారిటీకి చేసే సాయం మొదటిది. ఇన్ని గంటలు రావాలి, ఇది చేసి తీరాలి అని కట్టుబడి ఊరికే చేసే పని రెండోది. డబ్బు రాకపోయినా అది పని కిందికే వస్తుంది. చారిటీగా నమోదైన తెలుగు సంఘం వారి ఉగాదికి నువ్వు పది నిమిషాలు మిమిక్రీ చేయడం ఒక సంగతి. రెస్టారెంటు యజమాని ప్రతి శనివారం వచ్చి గిరాకీని నవ్వించమనడం, టికెట్లు అమ్ముకునే నిర్వాహకుడు "నీకు మంచి వేదిక" అని పిలవడం పూర్తిగా వేరే సంగతి. వాళ్ళది వ్యాపారం. నువ్వు లేకపోతే ఎవరికో డబ్బిచ్చి తెచ్చుకుంటారు. పిలిచినవారు చారిటీ అవునో కాదో ఇంగ్లండ్, వేల్స్‌లలో అయితే చారిటీ కమిషన్ రిజిస్టరులో పేరు కొట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

నేను లాయరును కాను. పైగా ఈ దేశంలో తగిన నమోదు లేనివారు ఒకరి కేసు చూసి ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం కూడా. కాబట్టి దీన్ని ఒక పెద్దవాడి హెచ్చరికగా తీసుకుని, మీ యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల సలహా విభాగానికి వెళ్ళు. నువ్వు చేసిన అయిదు కార్యక్రమాల వివరాలు, చేయబోయేవి, ఎవరు పిలిచారు, ఏమిచ్చారు అన్నీ చెప్పి అడుగు. పైసా తీసుకోరు. వాట్సాప్ గ్రూపులో సీనియర్లను అడిగి నిర్ధారించుకోవద్దు. అక్కడ అందరూ న్యాయమూర్తులే.

ఇక కవరు. ఇప్పటిదాకా నీకు ఎదురుకాలేదేమో, రేపు ఎదురవుతుంది. కార్యక్రమం అయ్యాక శాలువా కప్పి, జ్ఞాపిక చేతికిచ్చి, ఫొటో దిగాక ఒక పెద్దాయన పక్కకు పిలిచి జేబులో కవరు పెడతారు. "పెట్రోలుకు ఉంచు బాబూ" అంటారు. నీకు కారు లేదని ఆయనకు తెలుసు. ప్రేమతోనే పెడతారు, సందేహం లేదు. అందులో యాభయ్యో వందో ఉంటుంది. అది నీ ఖర్చు లెక్క కాదు, సంభావన. సంభావన అంటే పారితోషికం. దండం పెట్టి తిరిగి ఇచ్చెయ్. బదులుగా ముందే ఒక మాట చెప్పి ఉంచు: "రైలు టికెట్టు రసీదు పంపుతాను అండీ, అంతే ఇప్పించండి." జేబులోంచి నిజంగా ఖర్చయినదాన్ని రసీదు చూపి తీసుకోవడం వేరు, లెక్క లేని గుండుగుత్త మొత్తం వేరు. విద్యార్థులకిచ్చే రైలుకార్డు తీసుకున్నావా? చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది. లెస్టర్ నుంచి లండన్‌కు వచ్చిపోయే వాడివి, ఇది కవరు కన్నా ఎక్కువే మిగులుస్తుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్నకు వస్తాను. డబ్బు తీసుకోకూడని కాలం కాబట్టి, డబ్బు కానివి కూడా అడగకూడదని అనుకుంటున్నావు. మొహమాటం. నేనూ అలాగే ఉండేవాణ్ణి. 2004లో, నేను లండన్‌లోని హారోకు వచ్చిన మరుసటి ఏడాది, ఒక సంఘం వారి దీపావళికి వ్యాఖ్యానం చెప్పాను. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి రాత్రి తొమ్మిదిన్నర దాకా మైకు నా చేతిలోనే ఉంది. కరపత్రంలో వంటవారి పేరు ఉంది, నా పేరు లేదు. చివర్లో కృతజ్ఞతలు చెప్పినాయన నన్ను ఇంకెవరి పేరుతోనో పిలిచారు. కిందికి దిగేసరికి పులిహోర గిన్నె అడుగంటింది. కార్యక్రమం జరిగిన పాఠశాల కాపలాదారు తాళాల గుత్తి ఊపుతూ నిలబడ్డాడు. బస్సులో ఇంటికి వస్తూ వాళ్ళను బాగా తిట్టుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది: నా పేరు ఎలా రాయాలో నేను వాళ్ళకు చెప్పనే లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు.

మన ఊళ్ళలో హరిదాసులకు, బుర్రకథల వారికి ఈ మొహమాటం ఉండేది కాదు. కథ మంచి పట్టులో ఉండగా ఆపి, "ఫలానా గ్రామస్థులు ఫలానావారు నూటపదహార్లు" అని చదివింపులు చదివేవారు. హారతి పళ్ళెం సభలో తిప్పేవారు. ఎవరికీ చిన్నతనం అనిపించలేదు. పాడినవారికి ఏం దక్కాలో పదిమంది ఎదుటే తేలేది. ఇక్కడికి వచ్చాక మనం పళ్ళెం మానేశాం, ఆ వరసలో నోరు తెరవడమూ మానేశాం.

నువ్వు అడగవలసిన వాటిలో అన్నిటికన్నా విలువైనది వీడియో. పూర్తి కార్యక్రమం కాదు, అది ఎవరూ చూడరు. తొంభై సెకన్లు చాలు. సంఘం వారు పెట్టిన కెమెరా మీద ఆధారపడకు. అది వెనక గోడ దగ్గర ఉంటుంది, అందులో నీ గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. సౌండు చూసే కుర్రాణ్ణి ముందే పరిచయం చేసుకో. మిక్సరులోంచి నేరుగా నీ రికార్డరుకు ఒక వైరు ఇమ్మని అడుగు. స్నేహితుడొకడు మొదటి వరసలో పక్కగా నిలబడి ఫోనులో తీయాలి. రెండూ ఇంటికి వచ్చాక కలుపుకో. జనం నవ్వు మాత్రం ఫోనులోదే ఉంచు, మిక్సరులో నవ్వు పడదు. నవ్వు వినపడని హాస్యం చూస్తే చూసినవాడికే జాలి వేస్తుంది. వెనక సినిమా పాట రాకుండా చూసుకో. పెట్టిన గంటలో మ్యూజిక్ కంపెనీ హక్కుల పేరుతో వీడియో మూగబోతుంది. ముందు వరసల్లో పిల్లలు కనిపిస్తే వాళ్ళ తల్లిదండ్రులను అడగకుండా పెట్టకు.

రెండోది నీ పరిచయం. మూడు వాక్యాలు నువ్వే తెలుగులో రాసి, పెద్ద అక్షరాలతో అచ్చు తీసి వ్యాఖ్యాత చేతికి ఇవ్వు. లేకపోతే "ఇప్పుడు మన తమ్ముడొకరు వచ్చి మిమ్మల్ని నవ్విస్తారు" అంటారు. తమ్ముడికి పేరుండదు. పోస్టరులో పేరు ఎలా రాయాలో కూడా ముందే పంపించు. ఇదేమీ బేరం కాదు, మర్యాదగా చేసే విన్నపం.

ఇక సమయం. దీని మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. "భోజనాలు సిద్ధం" అన్న ప్రకటన తర్వాత నీ అంశం పెడితే ఒప్పుకోకు. నేరెళ్ళ వేణుమాధవ్ గారే దిగివచ్చినా బిర్యానీ వరసను గెలవలేరు. అందరికన్నా ముందూ వద్దు, మనవాళ్ళు గంట ఆలస్యంగా వస్తారు. పిల్లల నాట్యాల మధ్య అడుగు. తమ పిల్ల నాట్యం కోసం ఎదురుచూసే తల్లిదండ్రులు, తాతయ్యలు, అమ్మమ్మలు అందరూ కుర్చీల్లో ఉండే ఘడియ అదొక్కటే. అది అయ్యాక సగం హాలు కారు పార్కులో ఉంటుంది.

వేణుమాధవ్ గారి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. వరంగల్లు నుంచి వెళ్ళి 1971లో ఐక్యరాజ్యసమితిలో మిమిక్రీ చేసిన మనిషి ఆయన. అక్కడ కూర్చున్నవారికి తెలుగు రాదు, తెలుగు నటులు తెలియదు. నీ ముందు కూర్చునే ఇక్కడి పిల్లల సంగతీ సగం అంతే. నువ్వు అనుకరించే పాత నటుల గొంతులకు వాళ్ళ నాన్నలు నవ్వుతారు, పిల్లలు ఫోను తీస్తారు. ట్యూబు రైల్లో వినిపించే "మైండ్ ద గ్యాప్" గొంతును తెలుగు మేనత్త యాసలోకి దించి చూడు. పిల్లలు నవ్వితే తల్లులు నీ పేరు గుర్తుపెట్టుకుంటారు. రేపు పుట్టినరోజులకు, ఓణీల వేడుకలకు పిలిచేది వాళ్ళే.

పుట్టినరోజులు, ఓణీల వేడుకలు, పెళ్ళిళ్ళ విషయంలో ఒక నియమం పెట్టుకో: ఇళ్ళలో వేడుకలకు ఊరికే చేయకు. అది చారిటీ కాదు కాబట్టి నీ వీసాకూ మంచిది కాదు. పువ్వుల అలంకరణకు, వంటలకు, ఫొటోలకు డబ్బు లెక్క చూడని కుటుంబం నిన్ను మాత్రం ఉత్త చేతులతో రమ్మంటుంది. ఒకసారి వెళితే ఆ బంధువర్గంలో నీ ధర సున్నా అని ఖాయమవుతుంది. ఆ సున్నా తర్వాత ఎంత తుడిచినా పోదు. ఊరికే చూసినవాళ్ళకు నువ్వు రేపు రెండు వందలు చెబితే "ఎదిగాడు, గర్వం వచ్చింది" అంటారు. నా అనుభవంలో డబ్బిచ్చి పిలిచినవాళ్ళు ఎప్పుడూ కొత్తవాళ్ళే. సంఘం వేదిక మీద ఎవరో చూస్తారు, వాళ్ళ చుట్టం ఇంకో ఊరి నుంచి ఫోను చేస్తాడు. కాదనడానికి నీకు ఇప్పుడు ఒక చక్కటి సాకు కూడా ఉంది: "వీసా ఒప్పుకోదండీ, చదువయ్యాక తప్పకుండా." నిజం కూడా అదే కాబట్టి నోరు తడబడదు.

చదువయ్యాక గ్రాడ్యుయేట్ వీసా వస్తే తలుపు తెరుచుకుంటుంది. దాని మీద స్వయం ఉపాధి చేసుకోవచ్చు, ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా తప్ప. ఇప్పుడు దాని గడువు రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు పెట్టుకునేవారికి, పీహెచ్‌డీ వారు కాకపోతే, 18 నెలలే. తేదీలు చూసుకో. అప్పుడు మంచం కింద పెట్టె తియ్యి, కార్డులు పంచు. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 దాకా ఇలాంటి సొంత పని మీద వచ్చిన మొత్తం రాబడి 1,000 పౌండ్లు దాటితే పన్ను కార్యాలయంలో సెల్ఫ్ అసెస్‌మెంట్‌కు, అంటే రాబడి లెక్క మనమే రాసి పంపే పద్ధతికి, నమోదు చేసుకోవాలి, మరుసటి అక్టోబరు 5 లోపల. అక్కడి నుంచి కవర్లు కూడా లెక్కలోకి వస్తాయి.

అప్పటిదాకా ఒక నోటుబుక్కు పెట్టు. తేదీ, ఊరు, ఎవరు పిలిచారు, ఎంతమంది వచ్చారు, ఏ అంశానికి నవ్వారు, ఏది చప్పగా పోయింది, రైలుకెంత అయింది. కార్యక్రమం మర్నాడు నిర్వాహకులకు రెండు ఫొటోలతో కృతజ్ఞతలు పంపి, మీకెలా అనిపించిందో రెండు వాక్యాలు రాసివ్వండి అని అడుగు. వేడి మీద రాస్తారు, నెల పోతే మరిచిపోతారు. అయిదు కార్యక్రమాల వాళ్ళనూ ఇప్పుడే అడుగు, ఇద్దరైనా రాస్తారు.

పరీక్షల వారంలో మాంచెస్టరు నుంచి పిలుపు వచ్చిందని ఉత్తరం చివర రాశావు. వెళ్ళకు. నీ పరిచయం మూడు వాక్యాలూ రాశాక నాకు పంపు, దిద్ది పెడతాను. "బహుముఖ ప్రజ్ఞాశాలి" అన్న మాట మాత్రం అందులో ఉండకూడదు.