మంత్రి జవాబు చెప్పి తీరాలా? ఒక ఎంపీ దగ్గర పనిచేస్తూ నేను చూసింది

మీరు అడిగింది: "పార్లమెంటులో ఎంపీ ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పి తీరాలా? అడిగినందువల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా, లేక పేపర్లో పేరు కోసమేనా?"

నేను ఢిల్లీలో నాలుగేళ్లు ఒక లోక్‌సభ సభ్యుడి దగ్గర పనిచేశాను. ఆయన పేరు, పార్టీ ఇక్కడ అక్కర్లేదు. నా పనిలో సగం ప్రశ్నలు రాయడమే.

ప్రశ్న అనుమతించి జాబితాలో చేరితే జవాబు రావడం ఖాయం. ఆ జవాబులో విషయం ఉంటుందా, ఊక ఉంటుందా అన్నది మాత్రం చాలావరకు ప్రశ్న రాసినవాళ్ల చేతిలోనే ఉంటుంది. ఇది నాకు ఒక దెబ్బ తగిలాక గానీ తెలియలేదు.

మా నియోజకవర్గంలో ఏడు ఊళ్లకు కలిపి ఒక మంచినీటి పథకం మంజూరైంది. ట్యాంకు కట్టారు, రంగులేశారు, శిలాఫలకం కూడా పెట్టారు. నీళ్లు మాత్రం రాలేదు. ఆ ఊళ్లలో ఒక సర్పంచి గారు ఫొటోలు పట్టుకుని ఢిల్లీ దాకా వచ్చారు. వాటిలో ఒకటి ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. కొత్త ట్యాంకు నీడలో వరసగా ఖాళీ బిందెలు, ఒక్కో బిందె మీద ఒక్కో రాయి. ట్రాక్టర్ మీద వచ్చే నీళ్ల కోసం పెట్టిన లైను అది.

కోపంతో కూర్చుని ప్రశ్న రాశాను. ఎ) ఫలానా జిల్లాలో మంచినీటి పథకాలు ఆలస్యమవుతున్న సంగతి ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? బి) వస్తే ఆ వివరాలేమిటి? సి) తీసుకున్న చర్యలేమిటి? జవాబు వచ్చింది. మంచినీరు రాష్ట్రాల పరిధిలోని అంశమని ఒక వాక్యం, ఆ తర్వాత పేజీన్నర పొడవునా పథకం లక్ష్యాలు. మా ఏడు ఊళ్ల ఊసే లేదు.

పార్లమెంటు సచివాలయంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన అప్పుడప్పుడు మా ఆఫీసుకు వచ్చేవారు. ఆ కాగితం చూసి అన్నారు: "దృష్టికి వచ్చిందా అని అడిగితే రాలేదంటారు బాబూ. అభిప్రాయం అడగకు. అంకె అడుగు, తేదీ అడుగు."

రెండోసారి అలాగే రాశాం. ఆ పథకానికి ఏ ఏడాది ఎంత మంజూరు చేశారు, ఎంత విడుదల చేశారు, మొదటి విడత ఖర్చుకు యూటిలైజేషన్ సర్టిఫికెట్ (ఇచ్చిన డబ్బు ఖర్చయిందని చూపే ధ్రువపత్రం) ఏ తేదీన అందింది, ఇప్పటికి ఎన్ని ఇళ్లకు నీళ్లు అందుతున్నాయి. ఈసారి వచ్చిన జవాబు ఒకటే ముక్క: "సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం." నాకు నీరసం వచ్చింది. పెద్దాయన మాత్రం సంతోషపడ్డారు. ఎందుకంటే ఆ మాట లెక్కల్లో హామీ.

ఇది చాలామందికి తెలియని సంగతి, అందుకే కాస్త విడమర్చి చెబుతాను. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ అని ఒకటి 1953 నుంచి ఉంది. రాజ్యసభలో 1972లో వచ్చింది. "పరిశీలనలో ఉంది", "విచారిస్తున్నాం", "చూస్తాను" లాంటి మాటలు మంత్రి నోట వస్తే వాటిని హామీలుగా నమోదు చేస్తారు. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పెంచమని కమిటీని అడగాలి. నెరవేర్చలేకపోతే ఎందుకో చెప్పాలి. అంటే మనకు దాటవేతలా వినిపించే మాట ఆ శాఖ మెడకు అప్పులా చుట్టుకుంటుంది. వసూలు చేసేవాడు ఉంటేనే లెండి.

నేను గోడ మీద క్యాలెండర్లో తేదీ చుట్టి పెట్టుకున్నాను. మూడు నెలలకు గడువు పెంచమన్నారు. మా సార్ కమిటీకి లెటర్ రాశారు. మళ్లీ గడువు. మళ్లీ లెటర్. ఎనిమిదో నెలలో సభ ముందు ఒక కాగితం పెట్టారు. మొదటి విడత సర్టిఫికెట్ కింది నుంచి రాలేదు కాబట్టి రెండో విడత విడుదల చేయలేదని, నీళ్లు అందుతున్న ఇళ్లు సున్నా అని అందులో ఉంది. రెండేళ్లుగా "పనులు పురోగతిలో ఉన్నాయి" అంటున్నవాళ్లందరి మాటా ఆ సున్నాతో పోయింది.

ఇది లిఖితపూర్వక ప్రశ్న సంగతి. లోక్‌సభలో ఇలాంటివి రోజుకు 230 దాకా ఉంటాయి. నోరు తెరిచి జవాబు చెప్పాల్సినవి, అంటే స్టార్ గుర్తు ఉన్నవి, రోజుకు 20. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ తర్వాత బ్యాలెట్‌లో, అంటే లాటరీలో, పేరు రావాలి. ప్రశ్నోత్తరాలకు ఉన్నది గంట, ఆ 20లో నాలుగైదు జరిగితే ఎక్కువ.

మా సార్‌కు ఒకసారి మూడో నంబరు వచ్చింది. గ్యాలరీలోంచి చూశాను. మంత్రి లేచి "జవాబు సభ ముందు ఉంచాను" అని కూర్చున్నారు. అది లాంఛనం. అసలు పరీక్ష అనుబంధ ప్రశ్నలతో, అంటే ఆ జవాబు మీద అక్కడికక్కడే అడిగేవాటితో, మొదలవుతుంది. మా సార్ ఒక తేదీ అడిగారు. మంత్రి లావుపాటి ఫైలు తిరగేశారు. అధికారుల గ్యాలరీలోంచి ఒక చీటీ వచ్చింది. ఆ చీటీ చేతికి అందేదాకా ఆ కొన్ని సెకన్లు ఆయన అలా నిలబడే ఉన్నారు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషిని ఓటేసినవాళ్ల తరఫున ఒకరు అలా నిలబెట్టగలగడం చూసి నాకు ఒళ్లు పులకరించింది. అందుకే గొడవతో ప్రశ్నోత్తరాల సమయం కొట్టుకుపోయిన రోజున నాకు నిజంగా కడుపు మండేది. ఎవరి పార్టీ గొడవ చేసినా సరే.

ప్రశ్నతో మంత్రి పదవే పోయిన సందర్భమూ ఉంది. 1957లో ఎల్ఐసీ దాదాపు 1.24 కోట్ల రూపాయలు పెట్టి హరిదాస్ ముంధ్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్నది. ఆ సంగతి బయటికి లాగి సభలో నిలదీసిన ఫిరోజ్ గాంధీ ప్రతిపక్షం మనిషి కాదు. రాయబరేలీ కాంగ్రెస్ ఎంపీ, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు. ఆ డిసెంబరులో ఆయన కాగితాలు దగ్గర పెట్టుకుని ఒక్కో లావాదేవీ చదివి వినిపించారు. జస్టిస్ చాగ్లాతో విచారణ కమిషన్ వేశారు, విచారణ బహిరంగంగా జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అధికార పార్టీ ఎంపీలు మంత్రిని పొగడటానికే ప్రశ్నలు వేస్తుంటే నాకు ఈ కథే గుర్తొస్తుంది.

మంత్రి తప్పు లెక్క చెబితే? స్పీకర్ ఆదేశాల్లో 115వది అందుకే ఉంది. ఫలానా జవాబు తప్పని ఏ సభ్యుడైనా ఆధారాలతో స్పీకర్‌కు రాయవచ్చు. వాడుకునేవాళ్లు తక్కువ.

మీ ఊరి సమస్య మీద ప్రశ్న వేయించాలనుకుంటే సమావేశాలు మొదలయ్యాక కాదు, తేదీలు ప్రకటించగానే ఎంపీ ఆఫీసుకు వెళ్లండి. వినతిపత్రం ఒక్కటే ఇస్తే కట్టలో కలిసిపోతుంది. మంజూరు ఉత్తర్వు నంబరు, తేదీ, ఫొటో తీసుకెళ్లండి. వీలైతే ప్రశ్న మీరే రాసుకెళ్లండి, 150 పదాలు దాటకుండా.

మా సర్పంచి గారు ఆ జవాబు కాగితాన్ని ఇరవై కాపీలు తీయించి, సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ ముందు పెట్టారు. ఆగిపోయిన సర్టిఫికెట్ నెలలో కదిలింది. మరుసటి ఎండాకాలానికి మూడు ఊళ్లకు నీళ్లొచ్చాయి. మిగతా నాలుగింటి మీద మళ్లీ ప్రశ్న వేశాం, బ్యాలెట్‌లో రాలేదు. నేను ఆ ఉద్యోగం వదిలేటప్పుడు నా తర్వాత వచ్చిన అమ్మాయికి అప్పగించిన ఫైళ్లలో అన్నిటికంటే పైన పెట్టింది ఆ నాలుగు ఊళ్లదే.